పదకొండో గడి

ఫ్యాను గాలికి లేచిపోకుండా
నా కాగితాల మీద స్టాప్లరు పెట్టి
జోయెల్ అన్నాడు: "మూడు రకాలున్నాయక్కా."
రేవులో తట్టలు దించి
పండుగప్పా, మట్టగిడసా, మెత్తళ్ళా అన్నట్టు.

కళాకారుల వీసా అయితే ఏడాది.
ఒంటరిగా వెళ్ళాలి, పిలిచినవాళ్ళ దగ్గరే చెయ్యాలి,
వాళ్ళు వద్దన్న రోజున పెట్టె సర్దుకోవాలి.
నైపుణ్యం వీసా అయితే మూడేళ్ళు, ఇంటోళ్ళనీ తీసుకెళ్ళొచ్చు.
కానీ జీతం ఒక గీత దాటాలట,
నాకు ఇస్తామన్నది ఆ గీతకి జానెడు కింద ఆగింది.
ప్రతిభ వీసా ఒకటుంది, ఎవరి కిందా ఉండక్కర్లేదు.
"నువ్వు గొప్పదానివని పెద్దపెద్దోళ్ళు రాసివ్వాలక్కా, అంతే."

అంతే.

ఎనిమిదో ఏట పట్టాను సూది.
బల్లగుడ్డలు, గలీబులు, ఎవరి పిల్లలకో టోపీలు
ఓడలెక్కి పోయాయి. వేటి మీదా నా పేరు లేదు.
పేరున్నది ఏజెంటు చిట్టాలో ఒక్కచోటే:
కొల్లాటి విమల, కండెలు ఆరు, అడ్వాన్సు రెండొందలు.
ఇది రుజువవుతుందా అంటే
జోయెల్ నవ్వలేదు. స్కాన్ చేశాడు.

మంచివన్నీ అమ్ముడుపోతాయి కదండీ,
ఇంట్లో మిగిలేవి వెనక్కొచ్చినవే.
అలా వచ్చిందే ఆ ముక్క. జ్వరంలో లెక్క తప్పి
పువ్వు కట్టాల్సిన చోట దారం
వశిష్ఠ పాయలా ఓరగా
ఇసుక వెతుక్కుంటూ పోయింది.
రిజెక్టు అని ఎర్ర పెన్నుతో చీటీ.
మా ఆడపడుచు దాన్ని ఫోన్లో పెడితే
ఎక్కడో చలి ఊళ్ళో, నాటకాలకి దుస్తులు కుట్టే గదిలోంచి
ఒకావిడ అడిగింది: ఇది ఎవరు అల్లారు?
ఇరవయ్యారేళ్ళలో
ఆ ప్రశ్న నా దాకా రావడం అదే మొదలు.

మా జేజమ్మ వాళ్ళమ్మకి ఈ కుట్టు నేర్పింది
ఒక దొరసానంట, కరువు రోజుల్లో.
ఆవిడ ఏ వీసా మీద దిగిందో
నరసాపురం రేవులో ఎవరూ అడిగుండరు.

పదకొండో గడి: వృత్తి.
రేషన్ కార్డులో గృహిణి. బ్యాంకు పుస్తకంలో గృహిణి.
తీరిక వేళల్లో అల్లుకుంటారు అని
లెక్కలకొచ్చినవాళ్ళు రాసుకుపోయారు.
తీరికట.
మెడ పట్టేసి, తల తిప్పకుండా
పిల్లకి అన్నం పెట్టిన రాత్రుల పేరు తీరిక.

ఆధారపడినవారు అనే గడిలో
మా ఆయన పేరు చెప్పాను.
రొయ్యల చెరువు కాపలాలోంచి ఫోనెత్తి, నేనా? అన్నాడు.
కాసేపు ఏరేటర్ల చప్పుడు.
తర్వాత, "ఇంటిపేరులో ఎల్లు రెండు రాయమను" అన్నాడు.

మిగిలింది ఆ జానెడు.
పువ్వుకింత, గజానికింత అని
వాళ్ళు చెప్పడం, నేను తలూపడం.
బేరం నా నోట ఎప్పుడూ పుట్టలేదు,
చేపల తట్ట దగ్గర తప్ప.
ఆ నోరే తెచ్చుకున్నాను.
"రాయి జోయెలూ, ఈ రేటుకి రానని.
మర్యాదగానే రాయి. కానీ రానని రాయి."
"మొత్తానికే పోతుందేమో అక్కా."
"పోతే ఏడాది కాగితం చూద్దాం. ముందు ఇది పంపు."

వృత్తుల పట్టీ పైనుంచి కిందికి లాగాడు, నేను లేను.
ఇతరములు నొక్కితే చిన్న ఖాళీ తెరుచుకుంది.
ఖాళీ అంటే నాకు బెరుకు లేదు.
లేసంటేనే ఖాళీ,
దారం దాని చుట్టూ గట్టు.

సాయంత్రం పంటు మీద సఖినేటిపల్లికి.
టిక్కెట్టు కుర్రాడు చిల్లర అడిగాడు, వృత్తి అడగలేదు.
మోటారు సైకిళ్ళ సందులో, ఎవరిదో కొబ్బరికాయల బస్తా మీద కూర్చుని
సంచిలోంచి సూది తీశాను.
జవాబుకి వారం పడుతుందంట.
వెనక్కొచ్చిన ముక్కని ఒళ్ళో పరుచుకుని
కొత్తది మొదలెట్టాను.
నది సగానికి వచ్చేదాకా లెక్క సరిగ్గానే వచ్చింది.
అక్కడ ఒక ముడి వదిలేశాను,
ఈసారి తెలిసే.